ఉదయగిరి దుర్గము - ఆత్మకూరు సీమ

మన నెల్లూరు జిల్లా వానలకు అక్టోబరు నుండి డిసెంబరు వఱకు వీచు ఈశాన్య ఋతుపవనమే ప్రధానాధారమని పరీక్షాభ్యర్థులు మొదట గుర్తింపవలెను. కావున ఉదయగిరి కొండ నెక్కదలచినవారికి జనవరి, ఫిబ్రవరి మాసములు అనుకూలములు.

గజపతుల ఏలుబడిలోనున్న ఈ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో వశపఱచుకొని, ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, తాను కట్టించిన కృష్ణాలయమున 1515లో ప్రతిష్ఠించెను. ప్రశ్నపత్రములు ముట్టడి సంవత్సరము నడిగి ఊరకుండునుగాని, విజేత యొకడు జయచిహ్నముగ దేవతామూర్తినే ఎంచుకొనుట అంతకంటె ఆలోచింపదగిన విషయము. తరువాత దుర్గము గోల్కొండ సుల్తానుల హస్తగతమైనందున, శిథిలాలయములతోబాటు మసీదులును కొండపై కానవచ్చును.

ఊరిలో నర్ది, బిక్కి వంటి అడవికొయ్యను చెక్కి, ఆకురాయితో నునుపుచేసి, పిడులకు సన్నని నగిషీలు దీర్చు చెంచాలు, గరిటెలు భౌగోళిక సూచిక గుర్తింపును పొందినవి; ఈ పనిలో స్త్రీల చేయి పెద్దది.

ఆత్మకూరు వైపున పెన్నపై సోమశిల జలాశయము (సామర్థ్యము 78 టి.ఎం.సి.), 2022 సెప్టెంబరులో ప్రారంభమైన సంగం బ్యారేజి, హిందువులును భక్తితో దర్శించు అనుమసముద్రంపేట దర్గా కలవు.