మాట ఆలస్యమైన పిల్లలు: ఒక బాయి (టీచరమ్మ) అనుభవ పాఠాలు

మహారాష్ట్రలోని సోలాపూర్ భవాని పేట్‌లో తెలుగు పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాను. పద్మశాలి ఇళ్లలోని తల్లులకు, కొత్తగా వచ్చే టీచర్లకు నేను చెప్పగలిగినవి ఇవి.

1. ముందు చెవి చూపించండి. మా పేటలో చాలా ఇళ్లలో సాంచెలు (మరమగ్గాలు) ఒక పక్క, సంసారం ఒక పక్క. టవలో చద్దరో నేస్తున్నంతసేపూ తల్లి మాట బిడ్డ దాకా సగమే చేరుతుంది. మాట వెనకబడితే మొదట వినికిడి పరీక్ష చేయించాలి. ఇంట్లో సాంచె ఆగిన వేళ, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

2. చెవి బాగుండి, ఆటల్లో చురుకుగా ఉండి, మాట మాత్రం కుదరని పిల్లలు ఉంటారు. దీన్ని నిపుణులు డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటున్నారు. ఇంగ్లండులో పరిశీలిస్తే నూటికి ఏడుగురు పిల్లల్లో కనిపించింది. అంటే ముప్పై మంది ఉన్న తరగతిలో ఇద్దరు.

3. వాళ్లను మందబుద్ధి అనకండి. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండేది. ఒక పాపకు "పలక తీయి, మూడో పేజీ చూడు, రెండో లెక్క రాయి" అని ఒక్క గుక్కలో చెబితే పలక తీసి ఊరికే కూర్చునేది. అంతా మొండి అనేవారు. అదే పాప ముందు రంగురంగుల కండెలు పరిచి, ఒకటి దాచి అడిగితే, ఏది పోయిందో చటుక్కున చెప్పేది. కంటితో చూసింది నిలుస్తుంది, చెవితో విన్నది జారిపోతుంది. 1990లో బ్రిటన్‌లో సుసాన్ గ్యాదర్‌కోల్, అలన్ బ్యాడ్లీ ఇలాంటి పిల్లలతో అర్థం లేని మాటలు తిరిగి అనిపించి చూశారు. "కీటు" లాంటి చిన్నది అనేస్తారు. "పెలగిమోటు" లాంటి పొడుగుది అనబోతే మధ్యలో తెగిపోతుంది. కొత్త మాట నోటికి రావాలంటే, దాని చప్పుడు ముందు కాసేపైనా మనసులో నిలవాలి కదా. చదువులో ఇబ్బందికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఎక్కాలు, పద్యాలు, చదివి అర్థం చేసుకోవడం, అన్నీ దాని వెంట వెనకబడవచ్చు.

4. ఇంట్లో తెలుగు మాన్పించకండి. "మరాఠీ ఒక్కటే మాట్లాడండి, అన్నీ కలిపితే పిల్లకు గందరగోళం" అని చాలామంది సలహా ఇస్తారు. రెండు భాషల వల్ల ఈ ఇబ్బంది రాదు. ఒకటి మానేస్తే నయం కాదు. పైగా బీడీలు చుట్టుకుంటూ అమ్మమ్మ చెప్పే కతలు తెలుగులోనే ఉంటాయి. ఆ ముచ్చట తెంపితే పిల్లకు దొరికే మాటలు ఇంకా తగ్గుతాయి.

5. ఏ తప్పు మామూలో, ఏది కాదో తెలుసుకోండి. మరాఠీలో తో, తీ, తే (అతడు, ఆమె, అది) తారుమారు చేయడం మన పిల్లలకు సహజం, కాలక్రమంలో సర్దుకుంటుంది. కానీ ఆరేళ్లొచ్చినా ఇంటి తెలుగులోనే "అన్న వచ్చింది" అంటుంటే, చిన్న కత కూడా వరసగా చెప్పలేకపోతుంటే, ఆలస్యం చేయకండి. ఈ ఇబ్బంది ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది.

6. నేర్పేటప్పుడు ఒకసారికి ఒక్క పని చెప్పండి. వస్తువు చూపించండి. కొత్త మాట చెప్పాక జవాబు మీరే అందించకుండా కాసేపు ఆగి, పిల్ల నోటి నుంచే రాబట్టండి. కొంతసేపటికి మళ్లీ, మర్నాడు మళ్లీ అడగండి. అమెరికాలో లారెన్స్ లెనర్డ్ బృందం చేసిన ప్రయోగాల్లో, వట్టిగా వినిపించడం కంటే ఇలా అడిగి చెప్పించడం మేలని తేలింది. పదిసార్లు గట్టిగా అరిచి చెప్పడం నేర్పడం కాదు.

7. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షల్లో మాట ఆలస్యం కూడా ఉంది. ఆ డాక్టర్లు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వస్తారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పరీక్షా, వైద్యమూ ఉచితం. ఆ రోజు పిల్లను ఇంట్లో ఆపకండి. మీరు కూడా వెంట వెళ్లి, ఇంట్లో ఏమంటుందో, ఎక్కడ తడబడుతుందో మీ నోటితోనే చెప్పండి.