ఆహార్యం – ఆత్మప్రకటనం : వేములవాడ కల్యాణవేళ తృతీయప్రకృతి వ్యక్తుల అలంకరణ

భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాల్గు విధాలుగా విభజించాడు. వీటిలో ఆహార్యం బయటినుండి తెచ్చి పెట్టుకొనేది. అందువల్ల అది పైపై విషయమనే అభిప్రాయం విద్యార్థులలో సామాన్యంగా కన్పిస్తుంది. కాని బొట్టు, కాటుక, గాజు, మెట్టె మనిషి లోపలి ప్రకృతిని వెల్లడించే భాషగా పరిణమించే సందర్భాలు లోకంలో ఉన్నాయి. పురుషులుగా పుట్టినట్లు గుర్తింపబడి, తమను తాము స్త్రీలుగా భావించుకొనే వ్యక్తుల అలంకరణ అటువంటిది. ఈ అలంకరణను ఉత్తర తెలంగాణలోని ఒక ప్రసిద్ధ క్షేత్రాచారం ఆధారంగా, ఆలంకారిక, కావ్య, శాసన దృష్టులతో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

క్షేత్రం – ఆచారం

గోదావరీతీరాన కోటిలింగాల గల వెల్గటూరు మొదలుకొని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాల జనులకు వేములవాడ రాజన్న ఇలవేల్పు. కోడె మొక్కుకు పేరొందిన ఈ శైవక్షేత్రంలో శ్రీరామనవమినాడు సీతారామకల్యాణం వైభవంగా జరుగుతుంది. శివుని సన్నిధిలో రాముని పెండ్లి జరగటం ఒక విశేషం. అదే ముహూర్తానికి శివపార్వతులని పిలువబడే భక్తులు, జోగినులు, హిజ్రాలు తమను శివునికి వధువులుగా భావించుకొని పెండ్లాడటం అంతకు మించిన విశేషం. వారు నుదుట బాసింగం కట్టుకొంటారు. శివుని గుర్తుగా త్రిశూలాన్ని చేతబట్టి, తలపై జీలకర్ర బెల్లం ఉంచుకొని, ఒకరిపై ఒకరు తలంబ్రాలు చల్లుకొంటారు. ఈ పెండ్లిలో వరుడు కంటికి కనపడడు. కనిపించేది వధువు అలంకరణ మాత్రమే. కనుక ఇక్కడి వివాహానికి ప్రత్యక్షసాక్ష్యం ఆహార్యమే.

భరతుని విభాగం – అన్వయం

నాట్యశాస్త్రం ఆభరణాలను ఆవేధ్యం, బంధనీయం, ప్రక్షేప్యం, ఆరోప్యం అని నాల్గు తెగలుగా చెప్పింది. చెవి మొదలైన అవయవాలను కుట్టి ధరించేది ఆవేధ్యం. కట్టుకొనేది బంధనీయం. తొడుక్కొనేది ప్రక్షేప్యం. మెడలో వేసుకొనేది ఆరోప్యం. వేములవాడ వధువుల విషయంలో చెవికమ్మ ఆవేధ్యం, బాసింగం బంధనీయం, గాజులు, మెట్టెలు ప్రక్షేప్యాలు, పూలదండ ఆరోప్యం. పసుపు, కుంకుమ, కాటుక అంగరచనకు చెందుతాయి.

ఈ వర్గీకరణలో ఒక సూక్ష్మం ఉన్నది. దండను సాయంకాలానికి తీసివేయవచ్చు. గాజులను విప్పి దాచవచ్చు. కుట్టిన చెవి మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్లో గాజులు దాచుకొనవలసి వచ్చిన యువతీమనస్కునికి ఈ భేదం శాస్త్రవిషయం కాదు, దినదినగండం. ఏది ఎప్పుడు ధరించవచ్చు, ఎవరి ఎదుట తీసివేయాలి అన్న లెక్కతోనే అటువంటివారి బాల్యయౌవనాలు గడుస్తాయి. దాచిన గాజులను అందరి ఎదుట వేసుకొనగల దినంగా రాజన్న కల్యాణాన్ని చూచినప్పుడే ఆ పండుగ అర్థం పూర్తిగా బోధపడుతుంది.

శాస్త్రవాఙ్మయంలో తృతీయాప్రకృతి

అమరసింహుడు మనుష్యవర్గంలో తృతీయాప్రకృతి శబ్దాన్ని పేర్కొన్నాడు. వాత్స్యాయనుడు కామసూత్రంలో తృతీయాప్రకృతిని స్త్రీరూపిణి, పురుషరూపిణి అని రెండు విధాలుగా విభజించి, మొదటి తెగవారు స్త్రీల వేషాన్ని, మాటతీరును, విలాసాన్ని, మార్దవాన్ని అనుకరిస్తారని వివరించాడు. ప్రాచీనాంధ్రంలో పేడి శబ్దం ఉండగా, ఉర్దూ సంపర్కంతో హిజ్రా శబ్దం తెలుగు వ్యవహారంలో స్థిరపడింది. వ్యవహారంలో మరికొన్ని పదాలు తిట్లుగా మారినవి. ప్రకృతి అన్న శాస్త్రపదంలో నింద లేదు. అది స్వభావవాచకం. ఆ శబ్దౌచిత్యాన్ని అధ్యాపకులు గమనింపదగును.

అయితే వాత్స్యాయనుని అనుకరణ అన్న భావన చర్చనీయం. అనుకరించేవాడు, అనుకరింపబడేది వేరు వేరుగా ఉన్నప్పుడే అనుకరణ సిద్ధిస్తుంది. తన్ను స్త్రీగా ఎరిగిన వ్యక్తి బొట్టు పెట్టుకొన్నప్పుడు ఆ రెంటికీ భేదం ఎక్కడ? ఈ ప్రశ్నకు సమాధానం బృహన్నల కథతో పోల్చినప్పుడు తేటపడుతుంది.

బృహన్నల గాజులు

విరాటపర్వంలో అర్జునుడు అల్లెత్రాటి రాపిడివల్ల భుజాలపై ఏర్పడిన కాయలు కనబడకుండ వలయాలు ధరిస్తానంటాడు. చెవులకు కుండలాలు, తలకు జడ చేర్చుకొంటాడు. అంటే బృహన్నల ఆభరణాల ప్రయోజనం గోపనం. అవి వీరుని దాచటానికి వచ్చినవి, అజ్ఞాతవాసం ముగియగానే పోయినవి. వేములవాడ చాళుక్యుడు రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి క్రీ.శ. 941 ప్రాంతంలో కన్నడ భారతాన్ని రచించి, తన ప్రభువును అర్జునునితో అభేదంగా కీర్తించాడు. బృహన్నలగా మెలగిన ఆ వీరునితో పోల్చబడటాన్ని ఆ ప్రభువు గౌరవంగానే స్వీకరించాడు. అదే వేములవాడలో నేటి వధువుల గాజులు దాచటానికి రాలేదు, తెలపటానికి వచ్చినవి. వస్తువు ఒకటే, వ్యాపారం మాత్రం విపరీతం. బృహన్నలను తృతీయప్రకృతి వ్యక్తులకు పూర్వరూపంగా చూపేవారు ఈ భేదాన్ని విస్మరించరాదు.

రంగస్థల స్త్రీవేషం

మరొక పోలిక కూచిపూడి సంప్రదాయంలో లభిస్తుంది. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా తెరపై జడవేసి ప్రవేశించినప్పుడు చూపరులు పురుషుని మరచిపోయేవారు. నాటకరంగాన స్థానం నరసింహారావు (1902–1971) స్త్రీపాత్రలకు ప్రసిద్ధుడు. వీరిని ప్రభుత్వం పద్మశ్రీలతో సత్కరించింది. పాత్రకు, నటునికి గల సంబంధాన్ని భరతుడు అనురూప, విరూప, రూపానురూపిణి అని మూడు విధాలుగా చెప్పాడు. స్త్రీపాత్రను స్త్రీ ధరించటం అనురూపం. పురుషుడు స్త్రీభావాన్ని ధరించటం రూపానురూపిణి. కూచిపూడి భామ ఈ చివరి తెగకు చెందుతుంది. ప్రదర్శన ముగిసి రంగు కడిగినపుడు నటుడు తన రూపానికి వస్తాడు.

వేములవాడ వధువు విషయంలో చూపరులు రూపానురూపిణిని చూస్తారు. ధరించిన వ్యక్తి మాత్రం అనురూపాన్ని అనుభవిస్తుంది. రంగు కడిగినపుడే ఆమె తన రూపానికి దూరమవుతుంది. ఒకే స్త్రీవేషాన్ని రంగస్థలంపై కళ అని మెచ్చి, వీధిలో వింత అని నవ్వే లోకవైరుధ్యం ఇక్కడినుండే పుట్టింది.

శాసనదృష్టి

నవ్వుతోనే అది ఆగలేదు. ఈ ప్రాంతం నిజాం పాలనలో ఉండగా 1329 ఫసలీలో, అనగా క్రీ.శ. 1919లో, నపుంసకుల చట్టం వచ్చింది. దాని ప్రకారం హైదరాబాదు నగరంలోను, ప్రభుత్వం పేర్కొన్న ఇతర ప్రాంతాలలోను ఉండేవారి పేర్లు, నివాసాలు దస్తరానికి ఎక్కించాలి. అట్లా నమోదైన వ్యక్తి స్త్రీదుస్తులతోగాని ఆభరణాలతోగాని వీధిలో కన్పించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండ పట్టుకొని రెండేండ్లవరకు ఖైదు వేయవచ్చు. బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టంలో ఇటువంటి నిబంధనలే ఉన్నాయి. భరతుడు అలంకారంగా లెక్కించిన వస్తువు నేరానికి సాక్ష్యమైనది.

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో ఇచ్చిన తీర్పు దుస్తులు, మాట, నడత ద్వారా తన లింగభావాన్ని వ్యక్తం చేసుకొనటం రాజ్యాంగం 19వ అధికరణంలోని భావప్రకటనాస్వేచ్ఛలో భాగమని నిర్ణయించింది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో 1329 ఫసలీ చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. ఆహార్యం అభినయమన్న భరతుని మాటను, వేషం భావప్రకటనమన్న న్యాయస్థానం మాటను పక్కపక్కన ఉంచి చూచినచో రెండూ ఒకే సూత్రాన్ని అంగీకరించినట్లు తేలుతుంది. వేషం అర్థవంతమైన వాక్కు.

ఒక వివేచన

అలంకరణ ప్రతిసారీ స్వేచ్ఛకు గుర్తు కాదు. అదే కల్యాణంలో పాల్గొనే జోగినులలో తెలియని వయసులోనే దేవతకు అర్పింపబడినవారి మెడలోని పుస్తె పెద్దలు వేసిన బంధం. అందుకే 1988లో దేవదాసీ సమర్పణ నిషేధచట్టం అవసరమైనది. ఒకే పందిరి క్రింద ఒక మెడలో బలవంతం, మరొక మెడలో ఇష్టం కనిపిస్తాయి. కనుక ఆభరణాన్ని చూచి అర్థం నిర్ణయింపరాదు, ధరించిన వ్యక్తి ఇచ్ఛను విచారించాలి. నవమినాడు తలంబ్రాలు చల్లే లోకం దశమినాడు అద్దెకు ఇల్లు, పనికి చోటు నిరాకరించినచో ఆచారంలోని ఆదరం దినమాత్రమే అవుతుంది.

ముగింపు

పై పరిశీలనవల్ల ఆహార్యానికి మూడు ప్రయోజనాలు కన్పిస్తున్నవి. బృహన్నలయందు గోపనం, కూచిపూడి భామయందు అభినయం, వేములవాడ వధువునందు ఆత్మప్రకటనం. మొదటి రెంటినీ సాహిత్యపాఠాలలో ఆదరంతో బోధిస్తున్నాము. మూడవదానికీ అదే ఆదరం చెల్లాలి. తరగతిలో తృతీయాప్రకృతి శబ్దం వచ్చినప్పుడు వెనుక బల్లలపై లేచే నవ్వును అధ్యాపకుడు ఆ శబ్దార్థవివరణతోనే ఆపగలడు. ఆ తరగతిలో గాజులు దాచుకొన్న విద్యార్థి ఒకరు కూర్చొని ఉండవచ్చు.