పెళ్లిళ్ల పేరయ్య ప్రొటీను



చిట్టితల్లీ, నీ రికార్డు పుస్తకంలో కైనేజ్‌లు అనే ప్రొటీన్ల బొమ్మ చూశాక తాతయ్యకు ఒక పేచీ మిగిలింది. బాణం, దాని కింద బాణం, దాని కింద ఇంకో బాణం. ఒక కైనేజ్ ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేటు తీసి రెండోదానికి తగిలిస్తుంది, అది మూడోదానికి.  మరి వేల రకాల ప్రొటీన్లు తిరనాళ్లలా కిక్కిరిసిన కణంలో ఈ మూడూ ఒకదానికొకటి ఎలా దొరుకుతాయి?

జవాబు కోసం బేకరీ ఈస్ట్‌ను చూడు. ఇడ్లీపిండిని పులియబెట్టేది ఎక్కువగా బాక్టీరియా. బన్నును పొంగించేది మాత్రం ఈస్టే. ఈ ఏకకణజీవిలోనూ వధూవరుల్లా రెండు రకాలున్నాయి: 'ఎ', 'ఆల్ఫా'. ఆల్ఫా కణం 13 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడును వదులుతుంది. 'ఎ' కణం దాన్ని పసిగట్టగానే లోపల కబురు బయల్దేరుతుంది: స్టె11 నుంచి స్టె7కి, అక్కణ్ణుంచి ఫస్3కి. కణం విభజన ఆపేసి, కబురొచ్చిన దిక్కుకు మూతి సాచుతుంది.

ఆ మూడు కైనేజ్‌లనూ ఒకచోట కూర్చోబెట్టేది స్టె5 అనే ప్రొటీను. తను కైనేజ్ కాదు. అచ్చం పెళ్లిళ్ల పేరయ్య. అది మూడింటినీ పట్టుకుంటుందని 1994లో తేలింది. 'స్టె' అంటే స్టెరైల్‌కు పొట్టిపేరు: ఆ జన్యువు చెడితే ఈస్ట్‌కు పెళ్లి లేదు. కబురు రాగానే స్టె5 తన పరివారంతో కణపు పైపొర దగ్గరికి చేరుతుంది. అక్కడ స్టె20 అనే మరో కైనేజ్ స్టె11ను మేల్కొలుపుతుంది.

ఇలాంటి ప్రొటీన్లను ఇంగ్లీషులో స్కాఫోల్డ్ అంటారు, అంటే పరంజా. తాతయ్యకు ఆ పేరు నచ్చదు. పరంజా కర్రలు మేస్త్రీని నిలబెడతాయేగానీ గోడ కట్టవు. స్టె5 అలా ఊరకుండదు. స్టె7 ఎంత ప్రయత్నించినా ఫస్3 దాదాపు లొంగదు; స్టె5 దాని తాళం తీశాకే ఫాస్ఫేటు అంటుకుంటుంది. పేరయ్య జాతకాలు కలిపి ఊరుకోకుండా, బెట్టుచేసే పెళ్లికొడుకును ఒప్పించి పీటలమీద కూర్చోబెట్టడం లాంటిది.

ఇంకో చిక్కుంది. ఉప్పునీళ్లలో పడ్డ ఈస్ట్ గ్లిసరాల్ తయారుచేసుకుని బతికే దారిలోనూ ఇదే స్టె11 పనిచేస్తుంది. అయినా ఉప్పు తగిలితే పెళ్లిమేళం మోగదు. ఆ దారికి పీబీఎస్2 అనే వేరే పేరయ్య ఉంది. అది తానే కైనేజ్ కూడా. 2003లో కాలిఫోర్నియాలో వెండెల్ లిమ్ బృందం కొంటెగా ఈ ఇద్దరు పేరయ్యలనూ అతికించి ఒక్కరిని చేసింది. ఆల్ఫా పెప్టైడు తగలగానే కణం పెళ్లి మాట మరచి ఉప్పును తట్టుకునే పనిలో పడింది! కైనేజ్‌లు పాతవే. కూర్చోబెట్టిన తీరే మారింది.

అలాగని పేరయ్యలు ఎందరుంటే అంత మంచిదనుకోకు. ఒకరి సంచిలో అమ్మాయి జాతకం, మరొకరి సంచిలో అబ్బాయి జాతకం ఉండిపోతే సంబంధం కుదరదు. స్కాఫోల్డ్ మోతాదు మించితే కబురు బలహీనపడుతుందని 2000లో లెవ్‌చెంకో, బ్రక్, స్టెర్న్‌బెర్గ్ లెక్కకట్టి చూపారు.

మన కణాల్లో రాఫ్, మెక్, ఎర్క్ అనే కైనేజ్‌లను కలిపే కేఎస్ఆర్ అనే స్కాఫోల్డ్ మరీ తిక్కది: చూపుకు కైనేజే, ఆ పని మాత్రం దాదాపు చేయదు. దాని కథ సెలవులకు వచ్చినప్పుడు చెప్తాడు తాతయ్య. ఆ రికార్డు పుస్తకం కూడా తీసుకురా.