కాలిన కాయిల్‌ని చదవడం

నరసరావుపేట,
శ్రీరామనవమి మర్నాడు.

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీర్వదించి రాయునది. అమ్మమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. అయినా ఈసారి కూడా ఆవకాయ ముక్కలు తనే కొడతానని కత్తిపీట మీద కూర్చునే ప్రయత్నంలో ఉంది.

మొన్న ఫోన్లో అడిగావు గుర్తుందా? "తాతయ్యా, సెలవుల్లో ఆన్‌లైన్ కోర్సు చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. మీ షాపులో కూర్చుంటే ఏమొస్తుంది?" అని. నవ్వేసి ఊరుకున్నాను. నీ మాటలో తప్పేం లేదు. నా దగ్గర సర్టిఫికెట్ సంగతి దేవుడెరుగు, రబ్బరు స్టాంపు కూడా లేదు. కానీ ఆ రాత్రి కరెంటు పోయి నిద్ర పట్టక మంచం మీద దొర్లుతుంటే, వీడికి సరైన జవాబు చెప్పలేదే అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

నేను 14 ఏళ్ళప్పుడు కాలిన మోటార్లకి కాయిళ్ళు కట్టే మేస్త్రి దగ్గర చేరాను. మొదటి మూడు నెలలు నన్ను రాగి తీగ ముట్టుకోనివ్వలేదు. కాలిపోయిన స్టేటర్‌లోంచి పాత కాయిళ్ళు లాగడం, స్లాట్లలో అంటుకున్న వార్నిష్ మసిని రంపపు ముక్కతో గీకడం, సాయంత్రం షాపు ఊడవడం, ఇదే పని. గోళ్ళ సందుల్లో మసి ఎన్ని కుంకుడుకాయలతో రుద్దినా పోయేది కాదు. మా అమ్మ నన్ను చూసి, వీడు చదువుకోక ఇలా అయ్యాడే అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ మూడు నెలల్లో నేనేం నేర్చుకున్నానో నాకే తెలియదు. తర్వాతెప్పుడో తెలిసింది.

1978లో సొంతంగా షాపు పెట్టాను. చేతిలో పని ఉంది, ఒంట్లో పొగరుంది. పక్క ఊరి నుంచి ఒక రైతు 3 హార్స్‌పవర్ మోటారు ఎద్దుల బండి మీద తెచ్చాడు. మిరప తోట, కాయ పట్టే రోజులు. రెండు రోజుల్లో కట్టిచ్చాను. తొమ్మిదో రోజు అదే బండి, అదే మోటారు. మళ్ళీ కాలింది. సగం డబ్బు తీసుకుని మళ్ళీ కట్టాను. ఆ రైతు ఒక మాటన్నాడు, "కాలే ముందు మోటారు మూలుగుతోంది అబ్బాయ్" అని. పాత మోటారు మూలక్కుండా పాడుతుందా అనుకుని వినిపించుకోలేదు. వారం తిరక్కుండా మూడోసారి వచ్చింది. ఈసారి ఆయన ఏమీ అనలేదు. మోటారు దింపి అరుగు మీద కూర్చున్నాడు. తిట్టినా బావుండేది.

పరువు పక్కనపెట్టి మేస్త్రి ఇంటికి పోయాను. ఆయన వచ్చి, మూత విప్పి, కాయిళ్ళ మీద టార్చి వేసి, "చదువు" అన్నాడు. నాకు నలుపు తప్ప ఏం కనబడలేదు. నా చూపుడువేలు పట్టుకుని స్టేటర్ చుట్టూ తిప్పాడు. రెండు కట్టలు నలుపు, ఒకటి ఎరుపు. మళ్ళీ రెండు నలుపు, ఒకటి ఎరుపు. చుట్టూ అదే వరస. ఆ ఎర్రటి కట్టలు నేను చుట్టిన రోజు ఎలా మెరిశాయో అలాగే ఉన్నాయి.

నీకిది పుస్తకంలో ఉంటుంది. స్టార్ కనెక్షన్ మోటారుకి ఒక ఫేజు తెగిపోతే మిగతా రెండు ఫేజుల్లోనే కరెంటంతా పోతుంది, ఆ రెండిటి కాయిళ్ళూ కాలతాయి, మూడోది చల్లగా ఉంటుంది. డెల్టా అయితే తిరకాసు, ఒక ఫేజు కాలి రెండు మిగులుతాయి. చుట్టూ ఒకే తీరున నల్లబడితే మోయలేని బరువు మోసిందన్నమాట. ఎక్కడో ఒక్క కాయిలే మాడితే దానిలోపల తీగకీ తీగకీ తగిలింది. ఇవన్నీ నేను మసి గీకిన మూడు నెలల్లో నా వేళ్ళ కిందనుంచే పోయాయి. అప్పుడెవరూ చదవమనలేదు, నేనూ అడగలేదు.

సైకిలు మీద ఇద్దరం ఆ తోటకి పోయాం. స్టార్టర్ పెట్టె తెరిస్తే ఒక కాంటాక్ట్ దగ్గర చీమలు మట్టి పెట్టాయి. ఒకసారి అంటుకునేది, ఒకసారి లేదు. తిరుగుతున్న మోటారుకి ఒక ఫేజు పోతే ఆగిపోదురా, మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది, లోపల ఉడికిపోతూ. రైతు మొదట్లోనే చెప్పాడు మరి. ఓవర్‌లోడ్ రిలే ఉంటే కాపాడేదే, కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని ఎప్పుడో తీసేశారు. ఇప్పటికీ సగం పొలాల్లో ఇదే వరస.

కాగితంతో రుద్దితే పోయేదానికి మూడుసార్లు రాగి పోశాను. ఆ ఏడు ఆయనకి మిరప సగమే వచ్చింది. నేను డబ్బు తిరిగిచ్చినా తీసుకోలేదు.

అప్పటినుంచి నా షాపులో ఒక పద్ధతి. మోటారు రాగానే ఎలా బాగుచెయ్యాలని ఆలోచించను. ఎందుకు కాలింది? అది తేలేదాకా కట్టర్ ముట్టను. బుజ్జీ, నీ కాలేజీలో ల్యాబుకి మోటారు ఎప్పుడూ బాగున్నదే ఇస్తారు. రీడింగులు ముందే తెలుసు, రికార్డులో సీనియర్లవి ఉంటాయి. అక్కడ నీ చేతికి పని ఉంది గానీ అనుమానానికి పని లేదు. పొలం నుంచి వచ్చే మోటారు అలా కాదు, దానికి జవాబు ఏ పేజీలోనూ ఉండదు.

మధ్యాహ్నాలు కరెంటు లేనప్పుడు గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివేవాణ్ణి. అలా తగిలాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. 14వ ఏట పుస్తకాలు బైండింగు చేసే షాపులో పనికి కుదిరి ఏడేళ్ళు చేశాడు, బైండింగుకి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1831 ఆగస్టు 29న ఆయన చేసిన ప్రయోగం నువ్వు పరీక్షలో రాసి ఉంటావు. ఇనుప కడియానికి రెండు కాయిళ్ళు. కానీ ఆ కాయిల్ ఎలా చుట్టాడో పరీక్షలో అడగరు. మనలా ఎనామెల్ తీగ రీలు కొనుక్కునే వీలు లేదప్పుడు. ఉత్త రాగి తీగ. చుట్టుకీ చుట్టుకీ మధ్య పురికొస, వరసకీ వరసకీ మధ్య గుడ్డ పెట్టుకుంటూ ఆరంగుళాల కడియం మీద చేత్తో చుట్టాడు. నేనైతే చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను. వీడు మనవాడే అనిపించింది!

ఇంకో సంగతి. ఒక కాయిల్‌కి బ్యాటరీ కలపగానే రెండో కాయిల్ వైపు అయస్కాంత సూది ఒక్కసారి ఉలిక్కిపడి వెనక్కొచ్చింది. తీసేస్తే మళ్ళీ ఉలిక్కిపడింది. మధ్యలో ఏమీ లేదు. నిలకడగా కరెంటు రావాలని చూసేవాడికి అది చెయ్యి తగిలి కదిలినట్టే ఉంటుంది. ఆయన ఆ ఉలికిపాటునే పట్టుకున్నాడు. మన ఊరి మోటార్లన్నీ ఆ ఉలికిపాటు మీదే తిరుగుతున్నాయి.

ఇదంతా చూసి చదువు దండగ, చేతిపనే గొప్ప అంటున్నానని అనుకోకు. ఆ మాట అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను, వాళ్ళ పనీ అంతంతమాత్రమే. నా సంగతే విను. పాత కాయిళ్ళు తేలిగ్గా ఊడతాయని స్టేటర్‌ని కట్టెల మంటలో కాల్చేవాళ్ళం. మేస్త్రి కాల్చాడు, నేనూ కాల్చాను. కట్టిన తర్వాత మోటారు మునుపటికంటే వేడెక్కుతోందని చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది. ఒకసారి కాలిన మోటారు అంతేలే అనుకునేవాణ్ణి. పోయిన సంక్రాంతికి నువ్వు వచ్చి, పొయ్యిలో స్టేటర్ చూసి, "తాతయ్యా, ఆ రేకుల మధ్య పూత మాడిపోతే ఎడ్డీ కరెంట్లు పెరుగుతాయి కదా" అన్నావు. గుర్తుందా? నువ్వు అనేసి గారెలు తినడానికి లోపలికి పోయావు. నేను మాత్రం ఆ పొయ్యి ముందే చాలాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్ళు నా చేతికి వేడి తెలుసు, కారణం తెలియదు. నీకు కారణం తెలుసు, ఆ వేడి ఎంతో తెలియదు. ఇప్పుడు మంట మానేశాను. ఒకవైపు ఉలితో నరికి, రెండోవైపు నుంచి లాగుతున్నాం. ఆలస్యమవుతోందని కుర్రాళ్ళు సణుగుతున్నారు.

చెయ్యీ, కారణం వెతికే బుద్ధీ కలిస్తే ఏమవుతుందో చూడు. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి పేరు విన్నావా? 1893లో అక్కడి కలంగల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టాడు. బడి ఒంటబట్టలేదు. ఒక దొర మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్ని కొన్నాడు. నడపడానికి కాదు. విప్పి మళ్ళీ బిగించడానికి. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు తెచ్చారు. మా షాపుకొచ్చే పంపుల్లో సగం ఈనాటికీ కోయంబత్తూరువే.

సరే, వస్తే ఏం చెయ్యాలో చెబుతాను. ఒక రూళ్ళ నోటుబుక్కు తెచ్చుకో, లాప్‌టాప్ వద్దు, వార్నిష్ పడుతుంది. పాత కాయిల్ తీసేముందు స్లాట్లెన్నో, కాయిల్ ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకి పోయిందో, లీడ్లు ఎటు తేలాయో బొమ్మ వేసుకో. కాయిల్ నరికి చుట్లు లెక్కపెట్టు, ఒకసారి కాదు, రెండు కాయిళ్ళవి. గేజు చూసేటప్పుడు తీగ మీది ఎనామెల్ కాల్చి తుడిచి అప్పుడు మైక్రోమీటరు పెట్టు. పూతతో కలిపి కొలిస్తే గేజు తప్పుతావు. 21 గేజు ఉండాల్సిన చోట 22 వేస్తే రాగి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. మోటారు తిరుగుతుంది, టెస్టింగులో నవ్వుతుంది కూడా. పొలంలో మే నెల మధ్యాహ్నం ఏడుస్తుంది. తిరిగేటప్పుడు బేరింగు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి పిడి చెవికి పెట్టుకుని విను. మొదటి వారం అన్నీ ఒకేలా వినిపిస్తాయి. భయపడకు.

భయపడాల్సింది ఒక్కదానికి. పొలంలో పెట్టె తెరిచేముందు ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి నీ జేబులో వేసుకో. పక్కన పెట్టకు, ఎవడి చేతికీ ఇవ్వకు. పక్కన పెడితే పాపం సాయం చేద్దామని ఎవరో ఒకరు తగిలిస్తారు. పీకిన తర్వాత కూడా టెస్టరు పెట్టి చూడు. కండెన్సర్ ఉంటే దానిలో మిగిలిన కరెంటు పోయేదాకా వేలు పెట్టకు. కుతూహలం మంచిదే గానీ కరెంటుకి ఆ మాట తెలియదు.

మీ అమ్మ ఈ ఉత్తరం చూస్తే, వీణ్ణి కూడా మసిలో కూర్చోబెడతావా నాన్నా అంటుంది. ఆ కోర్సు రాత్రిపూట చేసుకో, పగలు నాది అని చెప్పు. ఒప్పుకుంటుంది. చిన్నప్పుడు అది నా షాపులో బేరింగు గోళీలతో ఆడుకున్నదే.

మొన్న పాతసామాన్ల కొట్టులో ఒక 5 హార్స్‌పవర్ మోటారు కిలోల లెక్కన కొన్నాను. ఎవరిదో, ఏ ఊరిదో కొట్టువాడికీ తెలియదు. షాఫ్టు చేత్తో తిప్పితే తేలిగ్గానే తిరుగుతోంది, ఇన్సులేషన్ చూసే మెగ్గర్ మాత్రం సున్నా చూపిస్తోంది. ఎందుకు పోయిందో నాకూ తెలియదు. తడిగుడ్డతో తుడిచి, బల్ల కింద గోనెపట్టా కప్పి పెట్టాను. మూత విప్పలేదు. పరీక్షలు ఏ తారీఖుకి అయిపోతాయో రాయి.

ఇట్లు
మీ తాతయ్య