బానిసత్వం రద్దు: పరిహారం ఎవరికి ముట్టింది?

అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసింది ఏది? చాలామంది లింకన్ విమోచన ప్రకటన (1863 జనవరి 1) అని టిక్కు పెట్టేస్తారు. మార్కు పోయేది అక్కడే. ఆ ప్రకటన అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది. తిరుగుబాటు చేయకుండా యూనియన్‌లోనే (ఫెడరల్ ప్రభుత్వం వైపే) ఉన్న కెంటకీ, డెలావేర్‌లలో 1865 చివరిదాకా బానిసత్వం నడిచింది. దేశమంతటా రద్దు చేసింది 13వ రాజ్యాంగ సవరణ (ధ్రువీకరణ: 1865 డిసెంబరు 6). అందులోనూ ఒక మెలిక ఉంది: నేరానికి శిక్షగా వెట్టి చేయించవచ్చు. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందును వదల్లేదు. ఖైదీలను గనులకు, తోటలకు అద్దెకిచ్చాయి.

జూన్‌టీన్త్: 1865 జూన్ 19న టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో జనరల్ గోర్డన్ గ్రాంజర్ బానిసల విముక్తిని ప్రకటించిన రోజు. 2021 నుంచి ఫెడరల్ సెలవు.

ఇక లాభనష్టాలు. విముక్తులు సుమారు 40 లక్షల మంది. పరిహారం మాత్రం వాళ్లకు కాదు, యజమానులకు! వాషింగ్టన్ డీసీలో 1862 ఏప్రిల్ 16 నాటి చట్టం యూనియన్‌కు విధేయులైన యజమానులకు బానిసకు 300 డాలర్ల దాకా ఇప్పించింది. దక్షిణాది యజమానులకు ఆ పరిహారమూ రాలేదు కానీ, చాలామందికి భూమి మిగిలింది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు విముక్త కుటుంబాలకు 40 ఎకరాల దాకా కేటాయించింది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాదే ఆ భూముల్లో ఎక్కువ భాగం పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. భూమిలేనివాళ్లు పాలుకు సాగు చేశారు. విత్తనం అప్పు, తిండిగింజలు అప్పు. చాలాచోట్ల పత్తి తూచేదీ, పద్దు రాసేదీ దొరే.

మన వైపు కొసరు: అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి ఎగుమతి ఆగిపోవడంతో కాకినాడ రేవులో పత్తి వ్యాపారం ఊపందుకుంది.