అస్తేయం – అంగడి చిల్లర

గత మాసం ఒక పూజాద్రవ్యాల అంగడిలో 180 రూపాయలకు నేయి, కర్పూరం కొని 200 రూపాయల నోటు ఇచ్చాను. రద్దీలో ఉన్న కుర్రవాడు దానిని 500గా భావించి 320 తిరిగి ఇచ్చాడు. ఇంటికి వచ్చి లెక్క చూచుకొన్న తరువాత గాని నాకు తెలియలేదు.

తెలిసిన వెంటనే మనస్సు వాదానికి దిగింది. నేను అడిగి తీసుకొన్నానా? క్రిందటిసారి కర్పూరం తూకంలో తగ్గలేదా? ఇంతకాలం శాస్త్రం చదివిన వానికి సైతం ఇట్టి యుక్తులు ఎంత వేగంగా స్ఫురిస్తాయో!

పతంజలి చెప్పిన ఐదు యమాలలో అస్తేయం మూడవది. దొంగిలించకపోవడమే అస్తేయమని సామాన్యంగా అనుకొంటాము. వ్యాసభాష్యం ఇంకా లోతుకు పోయింది. శాస్త్రసమ్మతం కాని రీతిలో పరుల ద్రవ్యాన్ని స్వీకరించడం స్తేయం. దానిని మానడంతో పాటు దానిపై ఆశ లేకుండడం అస్తేయం. ‘స్వీకరించడం’ అన్న మాటను గమనించండి. సొమ్ము చేతిలో పడిన క్షణాన నాకు తెలియదు గనుక దోషం లేదు. తెలిసీ ఉంచుకొంటే అదే స్వీకారం.

శాంతిపర్వంలో లిఖితుడు అన్నగారైన శంఖుని ఆశ్రమంలో, ఆయన లేని వేళ పండ్లు కోసుకొని తిన్నాడు. దాచలేదు కూడా. అయినా అది చౌర్యమేనన్నాడు శంఖుడు. లిఖితుడు తానే సుద్యుమ్న మహారాజు వద్దకు పోయి దండన కోరాడు. రాజు క్షమించబోయినా అంగీకరించలేదు.

మరునాటి ఉదయమే అంగడికి వెళ్ళాను. రాత్రి లెక్క కుదరక, ఆ లోటును కుర్రవాని జీతంలో వ్రాసుకొన్నారట. యజమాని చేతికి 300 ఇచ్చి, ఆ పద్దు కొట్టివేసేదాకా అక్కడే నిలుచున్నాను.