పాము కుబుసమూ, పుట్టలోని చెమ్మా

పాము కుబుసం చూడనివాళ్ళు మా పాలకుర్తిలో ఉండరు. మా ఊరు 2016 దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత జనగామ జిల్లాలోకి పోయింది. జిల్లా మారినా ఎండ మారలేదు, ఎర్ర చెలకలూ మారలేదు. సోమేశ్వరస్వామి గుట్ట బండల సందుల్లో, చెలక గట్ల మీది పుట్టల దగ్గర తెల్లని కుబుసాలు గాలికి ఊగుతుంటే చిన్నప్పుడు పోటీపడి ఏరుకొచ్చేవాళ్ళం. పుస్తకంలో దాచుకుంటే చదువొస్తుందని కొందరు, పెట్టెలో పెడితే డబ్బు నిలుస్తుందని కొందరు అనేవారు. నా పుస్తకంలో ఏడాది పొడుగునా ఉన్నది. చదువు సంగతి సరే గాని, దాన్ని చూసి నేర్చుకోవలసిన అసలు సంగతి మాత్రం ఎం.ఎస్సీ. జువాలజీలో చేరిన తర్వాత గాని తెలియలేదు. అదీ ఒక తప్పు చేసిన తర్వాత. ఆ తప్పునే పాఠంగా మిత్రుల ముందు పెడుతున్నాను.

ఫోనులో చెప్పిన సలహా

మా మేనత్త కొడుకు చికాగోలో ఉద్యోగం చేస్తాడు. అక్కడ పాములను పెంచుకోవడం చాలామందికి సరదా. బావ కూడా ఒక బాల్ పైథాన్‌ను కొని తెచ్చుకున్నాడు. ఇది ఆఫ్రికా ఖండపు పడమటి, మధ్య ప్రాంతాలకు చెందిన చిన్న కొండచిలువ. విషం లేదు. భయపడితే ఉండలాగా చుట్టుకొని తలను మధ్యలో దాచుకుంటుంది, అందుకే ఆ పేరు.

ఒక డిసెంబరు రాత్రి బావ ఫోన్ చేశాడు. "ఏమయ్యా జువాలజీ సారూ! నా పాము కుబుసం ముక్కలు ముక్కలుగా వస్తున్నది. సగం ఒంటికే అంటుకొని ఉన్నది. ఏం చెయ్యమంటవు?"

అప్పటికి వారం కిందటే నేను సరీసృపాల చర్మం మీద పరీక్ష రాసి ఉన్నాను. పొరల బొమ్మ గీసి, పేర్లన్నీ పెట్టాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ ధీమాతో, "ఏముంది బావా, మెల్లగా లాగెయ్. ఉడకబెట్టిన ఆలుగడ్డ పొట్టు లెక్క వస్తది" అన్నాను.

రాలేదు. లాగిన చోట కింది లేత చర్మం చిట్లి నెత్తురు కనిపించింది. కంటి మీద కూడా ఒక పొర మిగిలిపోయిందని చూశాడు గాని, చెయ్యి వణికి దాన్ని ముట్టుకోలేదు. ఆ వణుకే పాము కన్ను కాపాడిందని తర్వాత తెలిసింది. తోక చివర ఉంగరంలాగా మిగిలిన చిన్న ముక్కను మాత్రం ఇద్దరం పట్టించుకోలేదు. అది ఎండి బిగుసుకొని, కొన్ని వారాలకు ఆ కొన నల్లబడి రాలిపోయింది.

పరీక్షలో నేను గీసిన బొమ్మలో తప్పు లేదు. కాని ఆ బొమ్మ చుట్టూ గాలి లేదు.

కుబుసం ఎట్లా ఊడుతుంది?

మన చర్మం కూడా ఊడుతూనే ఉంటుంది, కాకపోతే కంటికి కనిపించని పొట్టుగా రోజూ రాలుతుంది. పాముకు అట్లా కాదు. పై చర్మం ఒక తరం మొత్తం ఒక్కసారే తయారై, పాతది ఒక్కసారే పోతుంది. ఎదిగే పిల్ల పాములు తరచుగా, పెద్దవి ఏడాదికి కొన్నిసార్లు కుబుసం విడుస్తాయి.

పాతపొర కింద కొత్తపొర పూర్తిగా తయారైన తర్వాత, రెండింటి మధ్యకు శోషరసం వంటి పలుచని ద్రవం చేరుతుంది. అందులోని ఎంజైములు రెండు పొరల మధ్య పట్టును విడదీస్తాయి. ఈ దశలో పాము రంగు మాసిపోతుంది, కళ్ళు నీలం కలిసిన పాలరంగుకు తిరుగుతాయి. పాముకు కనురెప్పలు లేవు. కంటిని కప్పి ఉండేది అద్దంలాంటి ఒక పారదర్శకమైన పొలుసు. అది కూడా చర్మంలో భాగమే కనుక కుబుసంతో పాటు ఊడాలి. ఆ పొలుసు కింద ద్రవం చేరడం వల్లనే కన్ను మసక. ఆ రోజుల్లో పాముకు చూపు సరిగా ఆనదు, చిరాకుగా ఉంటుంది, తరచుగా తిండి కూడా ముట్టదు. మూలకు చేరి దాక్కుంటుంది.

కొన్ని రోజులకు కళ్ళు మళ్ళీ తేటపడతాయి. ఇంకొన్ని రోజులకు పాము ముక్కును, పెదవులను గరుకు రాయికో కట్టెకో రాస్తుంది. పెదవుల దగ్గర చీలిన పాతపొర వెనక్కి మడతపడి, కాలి నుంచి మేజోడు తీసినట్టు లోపలిది బయటికి తిరగబడి ఊడివస్తుంది. మనం ఏరుకొచ్చే కుబుసం తిరగేసిన చొక్కా అన్నమాట. పొలుసుల మధ్య మడతలన్నీ విచ్చుకోవడం వల్ల అది పాముకంటే పొడుగ్గా కూడా ఉంటుంది.

ఇంత పనీ జరగడానికి ఆధారం ఆ రెండు పొరల మధ్య తడి. పాము ఒంట్లో నీళ్ళు తక్కువైనా, చుట్టూ గాలి పొడిగా ఉండి పాతపొరను ముందే ఎండబెట్టినా, ఊడవలసిన పొర అట్టకు జిగురు పట్టినట్టు అంటుకుపోతుంది. నల్లులవంటి పరాన్నజీవులు, పాత గాయాల మచ్చలు, పోషణ లోపం, జబ్బు కూడా కారణాలు కావచ్చు. అయినా ఇంట్లో పెంచే పాము విషయంలో మొదట అనుమానించవలసినది గాలినే.

గాలి లెక్క

గాలిలో ఎంత ఆవిరి ఉన్నదన్నది ఒక సంగతి. ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగిన ఆవిరిలో అది ఎన్నో వంతు అన్నది మరో సంగతి. ఈ రెండవదాన్నే సాపేక్ష ఆర్ద్రత అంటాం. చర్మం ఎండేదీ తడిగా ఉండేదీ ఎక్కువగా దీన్నిబట్టే.

ఘనమీటరు గాలి 20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సుమారు 17.3 గ్రాముల ఆవిరి పట్టగలదు. 30 డిగ్రీల దగ్గర 30.4 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు పడుతుంది. 20 డిగ్రీల దగ్గర నూటికి నూరు పాళ్ళు తడిసిన గాలిని ఒక పెట్టెలో మూసి 30 డిగ్రీలకు వేడిచేస్తే ఆర్ద్రత 57 శాతానికి దిగుతుంది. 40 డిగ్రీలకు పోతే 34 శాతమే. ఒక్క చుక్క నీరు బయటికి పోలేదు. అయినా గాలి పొడిదైంది.

ఇక చికాగో లెక్క చూడండి. డిసెంబరులో బయట 0 డిగ్రీలు అనుకుందాం. అక్కడి గాలి నిండా తడిసినా ఘనమీటరుకు 4.8 గ్రాములు మించి ఆవిరి ఉండదు. ఆ గాలే ఇంట్లోకి వచ్చి హీటరుకు 24 డిగ్రీలైతే, పట్టగలిగేది 21.8 గ్రాములు కనుక, ఆర్ద్రత 22 శాతం. బావ పాముకు వెచ్చదనం కోసం పెట్టెపైన దీపం పెట్టాడు. దీపం కింద 32 డిగ్రీలు. అక్కడ ఆర్ద్రత 14 శాతం. బయట మంచు కురుస్తుంటే, పాము ఉన్నచోట మా ఊరి మే నెల మధ్యాహ్నం!

పాము చలిరక్తపు జీవి, దానికి వేడి కావాలని బావకు తెలుసు. వేడి ఇచ్చేకొద్దీ గాలి దాహం పెరుగుతుందని తెలియదు. నాకు తెలిసి ఉండవలసింది. ఈ లెక్క ఇంటర్మీడియేట్ ఫిజిక్సులోనే చేశాం గదా. కాని ఫిజిక్సు నోటుబుక్కును జువాలజీ నోటుబుక్కు పక్కన పెట్టి చూడలేదు.

అవ్వ చెప్పిన సమాధానం

ఆ సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు అవ్వకు ఈ కథంతా చెప్పాను. పామును ఇంట్ల పెట్టుకునుడేందని ముందు బావను నాలుగు తిట్టింది. తర్వాత, "మరి దానికి పుట్ట ఏది బిడ్డా? పుట్టల సల్లగుంటది. బయట నిప్పులు చెరిగినా అండ్ల చెమ్మ ఆరదు. పుట్ట లేకుంట పాము ఎట్ల బతుకుతది?" అన్నది.

అవ్వ మాట అక్షరాలా నిజం. చెదపురుగుల ఒళ్ళు మెత్తన, ఎండిన గాలిలో ఎక్కువసేపు బతకలేవు. అందుకే అవి భూమి లోపలి తడిమట్టిని తెచ్చి, గూడు లోపల గాలిని చెమ్మగా నిలుపుకుంటాయి. మందమైన మట్టిగోడల వల్ల పగటి వేడి గాని రాత్రి చలి గాని లోపలికి తొందరగా చేరవు. పాత పుట్టల్లో, ఎలుక బొరియల్లో పాము తలదాచుకునేది అందుకే. ఆఫ్రికాలో బాల్ పైథాన్ కూడా ఎక్కువ కాలం గడిపేది ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లోనే. మా చెలకగట్టు పాముకూ చికాగో పెట్టెలోని పాముకూ కావలసిన ఇల్లు ఒకటే.

కనుక పామును పెంచేవారు చేయవలసింది ఊరికే గాలిని తడపడం కాదు. పెట్టెలో ఒక పుట్టను ఇవ్వడం.

పెట్టెలో పుట్ట

మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకోవాలి. పాము చుట్ట చుట్టుకుంటే సరిపోయేంత ఉంటే చాలు. పక్కన పాము దూరేంత రంధ్రం చేసి అంచు గీసుకుపోకుండా నున్నగా చెయ్యాలి. లోపల స్ఫాగ్నం నాచు గాని, కొబ్బరి పొట్టు గాని తడిపి, పిండితే నీరు కారనంతగా పిండి పరవాలి. దీపం సరిగ్గా కింద కాకుండా, వెచ్చని వైపుకు దగ్గరగా పెట్టాలి. కళ్ళు మసకబారిన రోజు నుంచి కుబుసం పూర్తయ్యేదాకా ఇది తప్పనిసరి, ఎప్పుడూ ఉన్నా మంచిదే. నాచును తరచుగా మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది.

మొత్తం పెట్టెలో ఆర్ద్రత బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లో సుమారు 60 శాతం, కుబుసం రోజుల్లో 70 దాకా ఉండటం మంచిది. అమెరికాలో ఎక్కువమంది పెంచే కార్న్ స్నేక్‌కు 40 నుంచి 60 శాతం చాలు. ఏ పాము ఏ నేలదో తెలుసుకోకుండా అంకె పెట్టుకోరాదు. కొలవడానికి ఆర్ద్రతామాపకం కావాలి. దాన్ని పైన జాలీకి కాకుండా పాము పడుకునే ఎత్తులో పెట్టాలి. పాము ఉన్నచోటి గాలి కదా మనకు కావలసింది!

జాలీ మూతలో కొంత భాగాన్ని కప్పితే చెమ్మ నిలుస్తుంది. పాము దిగి నానగలిగినంత నీళ్ళ గిన్నె ఉండాలి, నీళ్ళు రోజూ మార్చాలి. పైనుంచి నీళ్ళు చల్లితే అంకె గభాలున పెరిగి గంటలో పడిపోతుంది. ఆ అంకె చూసి మురిసిపోకూడదు.

అతి తడి కూడా చేటే. నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటే పొట్టకింది పొలుసులు పొక్కులెక్కి కుళ్ళుతాయి. గాలి ఆడని తడిపెట్టెలో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. చెమ్మ ఉండాలి, నీరు నిలవకూడదు, గాలి ఆడాలి. పుట్టకు రంధ్రాలు ఎందుకున్నాయో ఆలోచించండి.

కుబుసం పడిన తర్వాత దాన్ని పారవేయకుండా నీళ్ళలో వేసి విప్పి చూడాలి. తలవైపు రెండు కంటి అద్దాలు ఉన్నాయా? తోక కొన చివరిదాకా వచ్చిందా? ఈ మూడు చోట్లు చూస్తే చాలు. ముక్కలు మిగిలితే ఎండుగా లాగరాదు. గోరువెచ్చని నీళ్ళలో, పాము వీపు మునగనంత లోతులో, మనం దగ్గరుండి 20, 30 నిమిషాలు నాననిచ్చి, తడి తువాలు మడతల్లోనుంచి దాని దారిన దాన్ని పాకనివ్వాలి. పొర తనంతట ఊడుతుంది. కంటి పొరను మాత్రం గోటితో గాని చిమటాతో గాని ముట్టరాదు. కింద ఉన్నది కొత్త కన్ను. చెమ్మ సరిచేస్తే తరచుగా మరుసటి కుబుసంతో అదే పోతుంది, పోకపోతే పశువైద్యుడి పని. బావ పాముకు అట్లాగే పోయింది.

మన నేల మీద

ఇది చదివి పామును తెచ్చుకుందామని ఎవరూ అనుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు నాగుపామును, జెర్రిపోతును, కొండచిలువను పట్టడం, పెంచడం నేరం. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులను ఇప్పటికే పెంచుతున్నవారు 2022 చట్ట సవరణ, 2024 నియమాల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి.

అయితే పెట్టెలోని పాము మనకు కొత్తేమీ కాదు. నాగులపంచమికి గంపల్లో నాగుపాములు వీధికి వచ్చేవి. ఆ పాముల కోరలు పీకి, కొన్నిటి నోళ్ళు కుట్టి, పాలు తాగేటట్టు నీళ్ళు లేకుండా రోజుల తరబడి మాడ్చేవాళ్ళు. చిన్నప్పుడు మా వాకిట్లోకి వచ్చిన ఒక నాగుపాము ఒంటిమీద తెల్లటి పొట్టు వేలాడుతుండేది, ఒక కన్ను పాలరాయిలా ఉండేది. "ముసలి నాగన్న" అని అందరం దండం పెట్టాం. అది ముసలితనం కాకపోవచ్చునని, దాహమని ఇప్పుడు అనిపిస్తుంది. పాముకు కావలసింది పాలు కాదు, నీళ్ళు.

అందుకే పాము ఇంట్లోకి వస్తే కొట్టకుండా అటవీశాఖకు గాని, పాములు పట్టి అడవిలో వదిలే శిక్షణ పొందినవారికి గాని చెప్పండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారు చేసే పని ఇదే. చెలక చదును చేసేటప్పుడు గట్టు మీది పాత పుట్టనొక్కదాన్ని వదిలేయండి. ఎలుకలు తినే నేస్తానికి అది ఇల్లు.

మొన్న వేసవిలో బావ ఒక ఫోటో పంపించాడు. బల్ల మీద పరచిన కుబుసం, తల నుంచి తోకదాకా ఒకటే ముక్క. రెండు కంటి అద్దాలూ ఉన్నాయి. తోక కొన మాత్రం మొండిగా ఉన్నది. ఆ ఫోటోను నా జువాలజీ నోటుబుక్కులో, చర్మం పొరల బొమ్మ ఉన్న పేజీలో అంటించుకున్నాను. చిన్నప్పుడు కుబుసం పుస్తకంలో పెడితే చదువు వస్తుందన్నారు గదా. ఆ మాట ఇట్లా నిజమైంది.